చెన్నపురి మంచుగృహము

చెన్నపురికి బోయినవా రెల్లరును సముద్రతీరమును జూచి వత్తురు. ఆ తీరపు బాటకు పడమటి ప్రక్కను, తిరువల్లిక్కేణికి సమీపమున, ముందుభాగము గుండ్రముగా నున్న పాతభవన మొకటి కలదు. దానిమీద నున్న పేరు "వివేకానందర్ ఇల్లం". కాని యా పేటవారును, బస్సులవారును నేటికిని దానిని "ఐస్ హౌస్" అనియే యందురు. మంచుగడ్డలను దాచుటకై కట్టిన యిల్లు కొంతకాలమునకు దిక్కులేని బాలికలకు నీడయైనది. సోదరీమణులారా! ఈ మాసము ఆ యింటి వృత్తాంతమును మీకు విన్నవింపదలచితిమి. చదువులకును, ఉద్యోగములకును మన పిల్లలు పరాయియూళ్ల నివసింపవలసి వచ్చుచున్న యీ దినములలో నది మనకు మిక్కిలి యుపయోగించునని మా తలంపు.

మేము తెనాలిలో ఉదయముననే పినాకిని యెక్స్‌ప్రెస్సు నెక్కితిమి. మాతో మావారును, వదినెగారును, ఆమె కుమార్తెయు నుండిరి. అమ్మాయికి చెన్నపురి కళాశాలలో చేరుటకు సీటు దొరకినది గాని యుండుటకు గది కుదురలేదు. వదినెగారికి త్రోవపొడవున నదియే చింత. ఒంగోలు దాటితిమి. నెల్లూరిచెంత, ఏ నది పేరు మా బండికి బెట్టిరో యా పెన్నను దాటితిమి. గూడూరు, సూళ్లూరుపేట గడచిన పిమ్మట స్టేషనుపలకలమీద మన లిపి మాసి యరవలిపి వచ్చినది. అప్పుడు వదినెగారు, "ఇక పిల్ల జ్వరముతో బడుకొన్నను మన భాషలో మంచినీళ్ల నడుగుటకు వీలులేదు గదా!" అని నిట్టూర్చిరి. ఆ మాట మా మనస్సున నాటినది. బిడ్డను బంపు ప్రతి తల్లియు నడుగున దొకటియే: అచ్చట నెవరు చూతురు?

మఱునాటి ప్రొద్దున గదుల వేటకు ముందుగా సముద్రతీరమునకు బోయితిమి. 1914లో స్థాపింపబడిన క్వీన్ మేరీ స్త్రీకళాశాల యా బాటమీదనే కలదు. ఉపాధ్యాయినులను తయారుచేయు లేడీ విల్లింగ్డన్ కళాశాలయు నచ్చటనే. దాని ప్రక్కనే మంచుగృహము. ఎదుట బాట, బాటకావల విశాలమైన యిసుక, ఇసుకకావల సముద్రము. లోపల నిప్పుడు వివేకానందస్వామి జీవితమును దెలుపు చిత్రములతో గూడిన ప్రదర్శనశాల యున్నది. స్వామి నివసించిన గది ధ్యానమందిరముగా నున్నది. గోడలు మిక్కిలి మందమైనవి. చేయి యానించినచో బయటి యెండ లోనికి దెలియదు.

1842వ సంవత్సరమున దీనిని గట్టించినవాడు ఫ్రెడరిక్ ట్యూడరను అమెరికా వర్తకుడు. అతనిని జనులు మంచురాజని పిలిచెడివారు. యంత్రములతో మంచు చేయుట వాడుకలోనికి రాని కాలమది. బోస్టను నగరప్రాంతమున చలికాలమందు గడ్డగట్టిన చెఱువులను కోసి, ఆ గడ్డలను ఱంపపుపొట్టులో పొదిగి, ఓడల కెత్తి, నెలల తరబడి సముద్రముమీద దెచ్చి మన తీరమున దింపెడివారు. కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములు మూటను మంచుగృహములు వెలసినవి. నేటికి నిలిచిన దీ యొక్కటియే. మంచు కరగకుండవలెనన్న గోడలు దళసరిగా నుండవలెను, గాలి చొరరాదు, ఎండ సోకరాదు. అట్లే కట్టిరి. తరువాత నావిరియంత్రములతో మంచు నీ దేశముననే చేయ నేర్చినందున ఆ వ్యాపార మడుగంటినది.

పిమ్మట బిళిగిరి అయ్యంగారను న్యాయవాది దీనిని గొని, గోడలకు కిటికీలు తెఱపించి, వరండాలు గట్టించి, కెర్నన్ అను న్యాయమూర్తి పేర "కాసిల్ కెర్నన్" అని నామకరణము చేసెను. ఎన్ని కిటికీలు పెట్టినను లోపల గాలి చాలెడిది కాదని చెప్పుదురు. పడమటిదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి 1897 ఫిబ్రవరిలో నిచ్చట తొమ్మిదిదినములు బస చేసెను. ఆ వృత్తాంతము లోకప్రసిద్ధము గనుక మేము విస్తరింపము. మేము చెప్పదలచినది తరువాతి కథ. దానిని తెలిసినవారు తక్కువ.

1886లో జన్మించిన సుబ్బలక్ష్మి యను తమిళబాలికకు పదునొకండవయేట వివాహమైనది. కొలదికాలముననే భర్త గతించెను. ఆ కాలమున నట్టి బాలికకు మిగులునది ఇంటిలో నొక మూల. కాని తండ్రి యామెను మూల గూర్చుండనీయక చదివించెను. 1911లో నామె ప్రెసిడెన్సీ కళాశాలనుండి పట్టభద్రురాలయ్యెను. మద్రాసు రాజధానిలో పట్టమందిన హిందూవితంతువులలో నామెయే ప్రథమురాలని ప్రసిద్ధి. ఆమె తన చదువును తనకే దాచుకొనలేదు. ఎగ్మూరునందలి తమ యింటనే నలుగురు బాలవితంతువులను జేర్చుకొని, వారికి కూడు, గుడ్డ, చదువు నేర్పాటుచేసెను. 1912లో శారదా స్త్రీసమాజమును నెలకొల్పెను. బాలికాపాఠశాలల తనిఖీ యధికారిణి యగు క్రిస్టినా లించ్ యను నాంగ్లవనిత యామెకు చేయూత నిచ్చెను. అప్పుడు బాలికాపాఠశాలలకు ఉపాధ్యాయినులు కఱవుగా నుండిరి. వితంతుబాలికలు చదివి యుపాధ్యాయినులైనచో పాఠశాలలకును, వారికిని మేలు కలుగునని దొరతనమువారు గ్రహించిరి. బాలికల సంఖ్య పెరిగినకొలది యిల్లు చాలక, మొదటి ప్రపంచయుద్ధకాలమున వారి వసతి యీ మంచుగృహమునకు మారినది.

ఇచ్చట నొక్క విషయమును గమనింపుడు. ఆ యింటిని నడపినది సుబ్బలక్ష్మి యొక్కతెయే కాదు. వాలాంబాళ్ అను నామె పినతల్లి, తానును వితంతువే, గృహనిర్వాహభారమును వహించెను. బయట అధికారులతో మాటాడుట యొకరి పని; లోపల పొయ్యి యారకుండ జూచుట వేఱొకరి పని. వార్తాపత్రికలలో మొదటి పేరే వచ్చును. కాని రాత్రివేళ నులికిపడి లేచిన పదేండ్లపిల్లకు కావలసినది రెండవ యామెయే. ఇంటిపనులు చేయు మనము దీనిని సులభముగా దెలిసికొనగలము.

మహాభారతమున నిద్దఱు రాణులు మన సంగతికి మంచి నిదర్శనములు. నలుని బాసిన దమయంతి చేదిపురమున రాజమాత నాశ్రయించినది. ఎంగిలి తిననని, కాళ్లు కడుగనని, పరపురుషులతో మాటాడనని నియమములు చెప్పినది. రాజమాత యన్నిటికి నొప్పుకొని, తన కూతురు సునందకు చెలికత్తెగా నిచ్చి కాపాడినది. విరటుని నగరమున ద్రౌపది సైరంధ్రియై యించుమించుగా నా నియమములనే సుధేష్ణతో జెప్పినది. సుధేష్ణయు నొప్పుకొన్నది. కాని తమ్ముడు కీచకు డడిగినప్పుడు, మద్యము దెమ్మను నెపముతో నామెను వాని యింటికే పంపినది. నియమములు రెండుచోట్లను నొక్కటియే. చేదిపురమున నవి నిలిచినవి, మత్స్యపురమున నిలువలేదు. ఇంటివారి మనస్సే దానికి గారణము. గోడమీద నతికించిన నియమావళిని జూచి మురియువారు సుధేష్ణను మఱవరాదు.

మంచుగృహమునందు లోపములు లేవని మే మనము. అది బ్రాహ్మణవితంతువులకు మాత్రమే యేర్పడినది. తక్కిన కులముల బాలవితంతువుల కన్నీరు వేఱురంగుది కాదు గదా! పూర్వాచారములను లోపల నట్లే పాటించిరి కనుకనే తలిదండ్రులు నమ్మి పిల్లలను బంపిరనుట నిజము. ఆ నమ్మకమునకై వెలుపల నిలిచిన బాలిక లెందఱో యనుటయు నిజమే. మఱియొక చిక్కు వయస్సు. పదునెనిమిదేండ్లు నిండినవారి కచ్చట ప్రవేశము లేదు. అట్టివా రేమి కావలెను? ఈ ప్రశ్న సుబ్బలక్ష్మిని వదలలేదు. పెద్దవయస్సు స్త్రీలకై 1927లో శారదావిద్యాలయమును, ఆ వెనుక 1942లో మైలాపూరున శ్రీవిద్యాకళానిలయమును స్థాపించెను. నడుమ 1922లో లేడీ విల్లింగ్డన్ కళాశాలకు తొలి యధ్యక్షురాలయ్యెను. 1958లో పద్మశ్రీ బిరుదమందినది. 1969లో పరమపదించినది.

మన తెలుగువారు నీ మార్గమున వెనుకబడినవారు కారు. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగముగారు వితంతువులకు శరణాలయమును గూడ నడపిరి. గుంటూరిలో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతుల శారదానికేతనము వెలసినది. చెన్నపురిలోనే 1937లో దుర్గాబాయిగారు స్థాపించిన ఆంధ్రమహిళాసభ చదువుకొనగోరు తెలుగుస్త్రీల కాశ్రయమైనది.

ఆ పదునెనిమిదేండ్ల చిక్కు నేటికిని పూర్తిగా దీరలేదు. దిక్కులేక బాలసదనములలో పెరిగిన పిల్లలు పదునెనిమిదేండ్లు నిండగనే మూటగట్టుకొని బయటికి రావలసినవారు. మన యింటి పిల్ల కైనచో ఆ వయస్సున జ్వరము వచ్చిన మాత్రముననే కన్నవారు పరుగెత్తుదురు. 2015వ సంవత్సరపు బాలన్యాయచట్టము అట్టివారికి తరువాతను సాయము చేయవచ్చునని చెప్పినది. 2016 నియమములు దానిని ఇరువదియొకటవయేటి వఱకును, అవసరమైనచో నిరువదిమూడవయేటి వఱకును పొడిగించినవి. అఱవనాట స్త్రీల, పిల్లల వసతిగృహములకు అనుమతిపత్రము తప్పనిసరియని 2014లో చట్టము చేసిరి. ఉద్యోగినులకై ప్రభుత్వమువారు "తోళి" యను పేర వసతిగృహములను నడపుచున్నారు. తాంబరమునందలిది 2023లో తెఱవబడినది. తోళి యనగా చెలికత్తె. పేరు సునందను జ్ఞప్తికి దెచ్చుచున్నది.

ఆ దినమున మధ్యాహ్నము గదులను జూడ బోయితిమి. ఒకచోట ముఖద్వారమున కావలివాడు, పటములు దీయు యంత్రము, పెద్ద తాళము నున్నవి. వదినెగారి ముఖము వికసించినది. కాని పై యంతస్తున కిటికీలకు మేకులు గొట్టియుండెను. వెనుక మెట్లకును తాళమే. దాని చెవి యెవరియొద్ద నున్నదో యడిగిన నిదమిత్థమని చెప్పువారు లేరైరి. అమ్మాయి మెల్లగా, "అత్తయ్యా, ఇది ప్రొద్దున జూచిన మంచుకొట్టువలెనే యున్నది. కిటికీలు పెట్టకముందుది" అనినది. మావారు నవ్విరి గాని మేము నవ్వలేకపోతిమి. కుంభకోణమున 2004 జులై 16వ తేదిని పాఠశాలలో నిప్పంటుకొని 94 మంది బాలలు మరణించిన సంగతి మా తలపునకు వచ్చినది. పిల్లలు పైన నుండిరి; దిగుటకు దారి యిఱుకు.

మఱియొకచోట గోడలు వెలసియున్నవి, మంచములు పాతవి. కాని మేము పోవునప్పటికి వసతి నడపు నామె యొక పిల్లకు గంజి కాచుచుండెను. స్నానపుగదుల గొళ్లెములు లోపలినుండి సరిగా పడుచున్నవి. నీళ్లతొట్టి కడిగిన తేది గోడమీద వ్రాసియున్నది. మెట్లమీద దీపము పగలుగూడ వెలిగించి చూపిరి. పిల్లలు మమ్ములను జూచి మాట మానలేదు. ఆమె యెదుటనే, "నిన్నటి సాంబారు పులిసినది" అని ఫిర్యాదు చేసిరి. ఆమె కోపగింపలేదు. అమ్మాయి యచ్చటనే యుందుననినది. వదినెగారు వంటగదిని మఱల నొకమాఱు చూచివచ్చి, బయానా నిచ్చిరి.

కనుక, బిడ్డలను బంపు సోదరీమణులారా! తాళమును జూచుటతో దృప్తిపడకుడు. చెవి యెవరియొద్ద నుండునో యడుగుడు. అనుమతిపత్రమును చూపుమనుడు. రెండవ మెట్లు దిగి చూడుడు. పంపు త్రిప్పి చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, అచ్చటి పిల్లలు తమ కష్టమును బెదరక చెప్పుకొనుచున్నారో లేదో వినుడు. చెప్పుకొనగల పిల్ల రక్షితురాలు. మరమ్మతు చేయని గొళ్లె మొకటి యున్నచో అచ్చట వినని చెవి యొకటి యున్నదని తెలియవలెను.

మీలో ననేకులు కళాశాలలున్న యూళ్లలో మేడమీది గదిని చదువుకొను పిల్లల కద్దె కిచ్చుచుందురు. తెలిసియో తెలియకయో మీరును రాజమాత పీఠమున గూర్చున్నవారే. ఒకటవతేదిని అద్దె దీసికొనునప్పుడు, "గదిలో నేమైన బాగుచేయవలెనా, అమ్మా? నీవు సుఖముగా నున్నావా?" అని యడుగుడు. అడిగి, బదులు చెప్పువఱకు నిలువుడు. ఏ యూరినుండియో వచ్చిన యే తల్లియో ఆ మాట తలచుకొని రాత్రి నిద్రపోవును.