సెల్లార్‌లో గుహవాసి

మా బెంగళూరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పైపుల వెనక వేలాడే పొడుగుకాళ్ల సాలీడు మీద ఊదితే, కంటికి ఆనకుండా గిరగిరా ఊగిపోతుంది. అదే దాని ఆత్మరక్షణ. ఆడది గుడ్లను నోట కరుచుకునే తిరుగుతుంది. పేరు క్రాసోప్రైజా లయోనై. 1867లో శాస్త్రవేత్త బ్లాక్‌వాల్ మన దేశపు నమూనాలు చూసి దీన్ని ఫోల్కస్ ప్రజాతిలో వేశాడు, తర్వాతివాళ్లు మార్చారు.

పొట్ట వెనక పైకి పొడుచుకొచ్చిన మూల దీని ఆనవాలు. అయినా సాలీళ్లలో జాతిని తేల్చేది రంగూ రూపమూ కాదు, మగదాని ముందరి స్పర్శాంగాల చివర, ఆడదాని జననాంగం. అవి మైక్రోస్కోప్ కిందే తెలుస్తాయి. ఫోన్ ఫోటో చూసి పేరు పెట్టేసేవాళ్లంటే నాకు నవ్వే.

దీని చుట్టాల్లో అసలు గుహల్లోనే బతికేవీ ఉన్నాయి. తరతరాల చీకట్లో అలాంటి కొన్నింటికి కళ్లు కుంచించుకుపోతాయి, రంగు వెలిసిపోతుంది. మేఘాలయలోని సిజు గుహను 1922లో జంతుశాస్త్రవేత్తలు కెంప్, చోప్రా గాలించారు. అక్కడి సాలీళ్లను 1924లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫాజ్ వర్గీకరించాడు.

బెలుం గుహలకు వెళ్తే రాళ్ల ఆకారాలతోపాటు గోడ మూలలూ చూడండి. సాలీడు కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి.