కట్టు విప్పని అంటు

టెంక నుంచి మొలిచిన నాటు మొక్క కాండం మీద ఏటవాలుగా ఒక కోత. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మీద దానికి సరిపోయే ఇంకో కోత. రెండింటినీ ఆనించి ప్లాస్టిక్ పట్టీతో బిగించాలి. కడియం నర్సరీల్లో మామిడి అంటు కట్టడంలో మా చిన్నక్క మరిది చేతికి పేరుంది. నేను వెళ్లేసరికి కత్తి ఆయన భార్య చేతిలో ఉంది. ఆయన మాస్కు వేసుకుని, మట్టికి దూరంగా అరుగు మీద కుర్చీలో కూర్చుని, “ఇంకాస్త లోతు. అదీ. ఇప్పుడు బిగించు” అని చెబుతున్నారు.

ఆగస్టు 3 భారత అవయవదాన దినోత్సవం. ఆ సంచిక కోసం గుండె మార్పిడి జరిగిన ఇంటికి వెళ్లి రమ్మని సంపాదకులు అడిగితే, ఆయన దగ్గరికి వచ్చాను. గుండె కండరం సాగిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే రోజులు, అవయవాలు కేటాయించే జీవన్‌దాన్ పథకం జాబితాలో పేరు రాయించుకుని హైదరాబాద్‌లో అద్దె గదిలో ఎదురుచూపులు, అర్ధరాత్రి ఫోను. ఆ కథ ఇద్దరూ చెప్పారు కానీ నా చూపు ఆయన చేతుల మీదే ఉండిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే టీ తొణుకుతోంది.

ఆ వణుకు టాక్రోలిమస్‌ది. కొత్త గుండెను శరీరం ఎప్పటికీ తనదనుకోదు, దాడి చేస్తుంది. ఆ దాడిని అణచే మందుల్లో ఇది ముఖ్యమైనది. చాలామందిలో చేతులు వణికిస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి మట్టిలో, పశువుల ఎరువులో ఉండే బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఆయన మొక్కల కుండీ ముట్టుకోకూడదు. “అంటు అతుక్కున్నాక కట్టు విప్పేస్తాం బావా. ఈ గుండెకి మాత్రం ఎప్పటికీ విప్పకూడదంట” అన్నారు ఆయన.

నా చేతిని తన మణికట్టు మీద పెట్టుకున్నారు. తీరిగ్గా కూర్చున్న మనిషికి నాడి నిమిషానికి నూరు దాకా కొడుతోంది. గుండెను తీసేటప్పుడు నరాలు తెగిపోతాయి. వేగాన్ని అదుపులో ఉంచే నరం అందకపోవడంతో అది అలాగే కొట్టుకుంటుంది. లేచి నడవబోతే వెంటనే వేగం పెంచుకోలేదు. రక్తంలో అడ్రినలిన్ వచ్చేదాకా ఆగాలి. అందుకే ఆయన కుర్చీలోంచి లేచి, కాసేపు నిలబడి, అప్పుడు కదులుతారు. రక్తనాళాలు పూడుకుపోయినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు కాబట్టి యాంజియోగ్రామ్‌లు తప్పవు.

ఇంతలో ఆవిడ ఫోనులో మందుల షాపుతో గట్టిగా మాట్లాడుతున్నారు. “మందు అదేగా అంటే ఎలాగండీ? కంపెనీ మారిస్తే లెవెల్ మారిపోద్ది. మళ్లీ రక్తపరీక్షకి పరిగెత్తాలి. ఆ డబ్బులు మీరిస్తారా?” ఆమె మాటలో తప్పేమీ లేదు. రక్తంలో టాక్రోలిమస్ స్థాయి కాస్త తగ్గితే శరీరం గుండెను తిప్పికొడుతుంది, కాస్త పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ స్థాయి చూడాలంటే రాత్రి ఎనిమిదికి మాత్ర వేసుకుని, పన్నెండు గంటలు గడిచాక, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. దానికోసం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్తారు. ఒకసారి ఆస్పత్రి కౌంటరు దగ్గర మాత్ర చేత్తో పట్టుకుని పదకొండు దాకా నిలబడాల్సి వచ్చిందట.

ఈ మాట విన్నాక నాకు కోపం ఆగలేదు. దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ ఈ పక్కనున్న రాజమండ్రిలో పుట్టినవారు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో రైలు ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి అరగంటలోపే చేర్చింది. బయటికి తీసిన గుండె నాలుగు గంటలకు మించి ఆగడం కష్టం. ఆ నాలుగు గంటల కోసం మనం రోడ్లు ఖాళీ చేయిస్తాం, విమానాలు పంపిస్తాం, టీవీల్లో చూసి కళ్లు తుడుచుకుంటాం. చేయాల్సిందే. కానీ కెమెరాలు వెళ్లిపోయాక మిగిలిన ఏళ్లన్నీ ఇంటి ఆడవాళ్ల మీద వదిలేశాం. ఇక్కడ నర్సు పనీ, మందుల లెక్కా, కాచి చల్లార్చిన నీళ్లూ, ఇప్పుడు అంటు కత్తీ, అన్నీ ఒక్క మనిషివే.

దాత ఎవరో ఈ ఇంట్లో తెలియదు, తెలియనివ్వరు. ఆయన తల్లి మాత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, “ఆ పిల్లాడి తల్లి తింటుందో లేదో” అంటుందట. ఆ తల్లి ఒప్పుకుని ఇచ్చిన గుండె ఒక మాత్ర దొరక్క ఆగిపోతే, ఆ తప్పు ఈ కుటుంబానిది కాదు.

వచ్చేటప్పుడు ఆయన భార్య చేతులు కడుక్కుని గుమ్మం దాకా వచ్చారు. “ఆయన ఫొటో వద్దు అన్నయ్యగారూ. ఆపరేషన్ గురించి అందరూ రాశారు. మందులు నెలనెలా జిల్లాలోనే ఇమ్మనండి, లెవెల్ పరీక్ష రాజమండ్రిలోనే పొద్దున్న ఎనిమిదింటికి చేయమనండి. అది రాయండి” అన్నారు.