ధవళేశ్వరపు కొలతబద్ద

కొవ్వూరినుండి రాజమహేంద్రవరమునకు పోవు బస్సు వంతెన మీదికెక్కగానే మా చిన్నవాడు కిటికీకి మొగమానించి, “అమ్మా, నీళ్లు ఎఱ్ఱగా ఎందుకున్నవి?” అని యడిగెను. ఆషాఢమాసమున గోదావరిని చూచిన వారికిది క్రొత్త ప్రశ్న కాదు. ఎగువనుండి మట్టి కొట్టుకొని వచ్చినదని చెప్పితిని. ఎగువ యనగా నెక్కడ యనెను. నాసిక యొద్ద త్ర్యంబకమున నది పుట్టినదంటిని. “అక్కడ మట్టి ఎఱ్ఱగా ఉండునా?” నేను మాట మార్చి, ఆవలనున్న పాత హేవలాకు వంతెనను చూపితిని. 1900లో తెఱచిన యా వంతెనపై 1997 నుండి రైళ్లు నడచుట లేదు. మేము పోవుచున్నది 1974 నాటిది. పై యంతస్తున బస్సులు, క్రింది యంతస్తున రైళ్లు. క్రింద రైలు పోయిన చప్పుడునకు వాని ప్రశ్న మఱుగుపడినది. నాకును కావలసినది అదియే.

సోదరీమణులారా, ఈ ప్రయాణము వినోదార్థము చేసినది కాదు. మా పెద్దపిల్లకు ఏడేండ్లు. నిరుడు బడిబండి కూత వినబడగానే దానికి కడుపునొప్పి వచ్చెడిది, తిన్నది కక్కుకొనెడిది. వైద్యులు జబ్బేమియు లేదనిరి. క్రమక్రమముగా ఇంటిలోగూడ పైకి చదువుట మానినది. ఇరుగుపొరుగువారు పలుకరించినచో నా కొంగు వెనుక దాగెడిది. మావారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. “బడిపంతులు పెండ్లామే బిడ్డను బడి మాన్పించినది” అని వీధివారు చెవులు కొఱుకుకొనుట వారికెంత కష్టమో నేనెఱుగుదును. అయినను వారు, “ఒక్క యేడు నీవు చెప్పి చూడుము. తెలియనిది తెలిసినట్లు మాత్రము చెప్పకుము” అనిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టమును తామే చదివి, ఆరేండ్లు దాటిన బిడ్డ యెప్పుడు బడిలో చేరదలచినను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెనని అందున్నట్లు చూపిరి. ఆ మాటతో నాకు కొంత ధైర్యము కలిగినది.

నాకు పట్టములేవియు లేవు. మా తాతగారి యొద్ద బాలరామాయణము, అమరము, శబ్దమంజరి, రఘువంశమున కొన్ని సర్గలు చదివితిని. బోధించుటకు వేఱొక మార్గమెఱుగను గనుక, నేను నేర్చినట్లే నేర్పితిని. ప్రాతఃకాలమున వల్లెవేత, సాయంకాలమున ఒప్పగింత. చిన్నవాడు ప్రక్కన చేరి వంత పాడెడివాడు. మూడు నెలలలో అమ్మాయి పావు, అర, ముప్పావు ఎక్కములతో సహా తడుముకొనక అప్పగించినది. చుట్టములు వచ్చినప్పుడెల్ల తలుపు చాటునుండియే వల్లింపజేసి మురిసితిని. ఆ మురిపెము ఎంతవఱకు నిలుచునో ధవళేశ్వరమున తెలిసినది.

ఆ యూరికి పోవుటకు నాకొక స్వంత కారణమును కలదు. 1874లో కందుకూరి వీరేశలింగముగారు అక్కడ బాలికలకు పాఠశాల స్థాపించిరి. ఆడపిల్ల అక్షరము నేర్చుటయే తప్పని తలచిన దినములలో ఆ గడపలు దాటిన బాలికలను తలచుకొనుచు వీధులు నడచితిని. పిల్లలకు మాత్రము ఆనకట్ట మీదనే ధ్యాస.

ఆర్థర్ కాటన్ దొరగారు 1847 మొదలు 1852 వఱకు కట్టించిన ఆనకట్టకు బదులుగా వచ్చిన బారేజి 1982లో పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ, నడుమ లంకలను కలుపుకొనుచు సాగిన యా కట్టడమునకు 175 తలుపులు. చిన్నవాడు ఇరువది వఱకు లెక్కించి, మఱల మొదటికి వచ్చి, విసిగి మానెను. నీటి హోరులో మా మాటలు మాకే వినబడలేదు.

ఒడ్డున అడుగుల గుర్తులు గల కొలతబద్ద యున్నది. నాడు నీరు హెచ్చరికకు చాల దిగువనే యుండెను. ధవళేశ్వరమున 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యని వరదదినముల పత్రికలలో చదివియే యుందురు. అమ్మాయి నన్ను పట్టి లాగి, “పదకొండు తరువాత చుక్క పెట్టి డెబ్బదియైదనగా నెంత?” అని యడిగినది. నేను తడవుకొనక, “పదకొండడుగుల ఏడున్నర అంగుళములు” అంటిని.

చెంతనే గొడుగు పట్టుకొని నిలిచిన ముసలి లస్కరొకడు నవ్వలేదు. చేతులు కట్టుకొని, “అమ్మగారూ, అడుగుకి పన్నెండంగుళాలు గదండీ. చుక్క డెబ్బయ్యయిదంటే ముప్పావండి. తొమ్మిదంగుళాలు వస్తాయి” అనెను.

నా మొగము వెలవెలబోయినది. అడుగునకు పదియే యంగుళములైనట్లు లెక్క చెప్పితిని! గణితోపాధ్యాయుని భార్యను, బిడ్డ యెదుట, పరాయివాని యెదుట. మావారు పెట్టిన షరతు చెవిలో మ్రోగినది. తప్పు కప్పిపుచ్చుటకు నోట మాట రానే వచ్చినది గాని, అమ్మాయి నా వైపు చూచుచుండుటచే మ్రింగి, “నేను తప్పు చెప్పితిని. తాతగారు చెప్పినదే నిజము” అంటిని.

ముప్పావనగా పావలాలు మూడని చెప్పబోతిని గాని, ఆ పిల్ల పావలాను చూడనేలేదు. 2011లోనే ఆ నాణెము చెల్లకపోయినది. లస్కరు తన భుజము మీది తువాలు తీసి, సగమునకు మడచి, మఱల సగమునకు మడచి, విప్పి నాలుగు మడతలను చూపెను. అమ్మాయి మూడు మడతలను వ్రేలితో తడవి, పెదవులు కదల్చి, హఠాత్తుగా “పన్నెండు ముప్పావులు తొమ్మిది!” అని గట్టిగా అఱచినది. ప్రతిదినము ప్రాతఃకాలమున నేను వల్లింపజేసిన ఎక్కమే యది. అందులోని పన్నెండునకు అడుగుతోను, తొమ్మిదికి అంగుళములతోను సంబంధముండగలదని దానికి నేను చెప్పలేదు. చెప్పుటకు నాకే తోచలేదు.

అటు పిమ్మట కొంగు విడిచి ఆ వృద్ధుని వెంబడించినది. “తాతా, వరద వచ్చినప్పుడు తలుపులు మూయుదురా, తీయుదురా?” “తీసేస్తాం పాపా. నీళ్లు సముద్రానికి పోవాలిగా. వేసవిలో మూస్తాం, కాలవలకి ఎక్కాలి గదా.” 1986 ఆగస్టు వరదలో తాను కుఱ్ఱవాడననియు, ముప్పదియైదు లక్షల క్యూసెక్కులు వచ్చినవనియు చెప్పెను. మూడవ హెచ్చరికకు పదునేడు లక్షలు. “రెండింతలకన్న ఎక్కువ” అని యది తానే లెక్కకట్టినది. నిరుడంతయు పరాయివారితో పెదవి కదపని బిడ్డ!

ఇల్లు చేరుసరికి దీపాలవేళయైనది. అమ్మాయి గుమ్మములోనే, “నాన్నా, అమ్మ తప్పు చెప్పినది, లస్కరు తాత దిద్దినాడు” అని విన్నవించినది. మావారు నన్ను చూచిరి. నేను జరిగినదంతయు చెప్పితిని. వారు పలక తీసికొని 13.75 అని వ్రాసి దాని కిచ్చిరి. “పదమూడడుగుల తొమ్మిదంగుళములు.” తరువాత 13.50 వ్రాసిరి. ఈ మారు తువాలు కావలసివచ్చినది.

ఇంతలో చిన్నవాడు, “నాన్నా, త్ర్యంబకములో మట్టి యే రంగు?” అనెను. మావారు నా వంక తిరిగిరి. నాకు తెలియదంటిని. బీరువాలోని పటముల పుస్తకము తెచ్చి, నేలల పటము తెఱచి దీపము క్రింద పెట్టితిమి. నాసిక చుట్టును నల్లరేగడి రంగే వేసియున్నది. వాడు నేలపై బోర్లపడుకొని, గోదావరి గీత మీద వ్రేలుంచి దిగువకు జరుపుచు, ఎఱ్ఱరంగు ఎక్కడ తగులునో వెదకుచుండెను.