థేరోస్ అంటే ఎండాకాలం

(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి)

పాచికలు అన్న మాట వినగానే మనవాళ్ళకు ధర్మరాజు గుర్తుకొస్తాడు. ఆ వెంటనే అరణ్యవాసం గుర్తుకొస్తుంది. అందుకే మా ఆటలో పాచికలున్నాయని పెద్దల ముందు చెప్పడానికి కొంచెం సంకోచిస్తాం. కాని ఇది పందెం కాదు. ఇందులో డబ్బు లేదు. ఆ మాటకొస్తే గెలుపూ ఓటమీ కూడా సరిగా లేవు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఒక కథను నోటితో నడిపిస్తారు. ఒకడు కథ చెప్పేవాడు. వాన, కొండ, రాక్షసి, రాజుగారు అన్నీ అతనే. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. "నేను ఆ వాగు దాటతాను" అంటాడొకడు. దాటాడా, కొట్టుకుపోయాడా అన్నది పాచిక తేలుస్తుంది.

ఈ తరహా ఆటలకు మూలమైన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'ను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఇందులో ముఖ్యమైన పాచికకు 20 ముఖాలు. ఏ ముఖమైనా పడే అవకాశం నూటికి 5. ఇరవైసార్లు వేసినా ఒక్కసారైనా 20 పడే అవకాశం నూటికి 64 మాత్రమే. సైన్సు విద్యార్థిని గనుక ఈ లెక్క కట్టాను. రైతుబిడ్డను గనుక ఆశ్చర్యపోలేదు. ఇరవై ముఖాల పాచిక కూడా ఈనాటిది కాదు. గ్రీకు అక్షరాలు చెక్కిన అటువంటి పాచికలు ప్రాచీన ఈజిప్టులో ఉండేవి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో వాటిని నేటికీ చూడవచ్చు.

మా జట్టు ఆడే లోకం పేరు థేరోస్. 2013లో 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే కార్డుల ఆట కోసం పుట్టి, 2020లో ఒక పెద్ద పుస్తకంగా మా ఆటలోకి వచ్చింది. గ్రీకు పురాణాల నీడలో కట్టిన లోకమిది. జ్యూస్, పొసైడన్ అనే పేర్లు లేవు గాని పోలికలు ఉన్నాయి. హీలియాడ్ సూర్యదేవుడు, థాసా సముద్రదేవత, ఎరెబోస్ మృతులకు ప్రభువు, కరామెత్ర పంటల దేవత. పండితులకు మెలెటిస్ నగరం, యోధులకు అక్రోస్ నగరం. ఇవి చూస్తే ఏథెన్సూ స్పార్టా గుర్తుకు రాక మానవు.

ఆ లోకంలో నాకు నచ్చిన విశేషం ఒకటుంది. అక్కడ దేవుళ్ళు మనుషుల్ని సృష్టించలేదు. మనుషుల నమ్మకంలోంచి దేవుళ్ళు పుట్టారు. నమ్మేవాళ్ళు తగ్గితే దేవుడి బలమూ తగ్గుతుంది. భక్తికి ఒక అంకె కూడా ఉంది. ఒకటితో మొదలవుతుంది. 3, 10, 25, 50 దగ్గర దేవుడు ఒక్కో వరం ఇస్తాడు. దేవుడికి ఇష్టంలేని పని చేస్తే అంకె తగ్గుతుంది. అన్నిటినీ లెక్కలోకి దింపడమంటే ఇదే గాబోలు!

"మనకు లేని దేవుళ్ళా? గ్రీకువాళ్ళ దగ్గరకు పోవాలా?" అని మా లెక్చరరుగారొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని గ్రీకు కథలు తెలుగు పిల్లలకు పరాయివి కావు. 1947లో పుట్టిన 'చందమామ'ను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి కాలంలోనే హోమరు కావ్యాలు 'భువనసుందరి', 'రూపధరుడి యాత్రలు' అనే పేర్లతో మన ఇళ్ళకు వచ్చాయి. అవి గ్రీకు కథలని తెలియకుండానే మా నాయనమ్మ తరంవాళ్ళు చదివారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'రాకాసిలోయ' వగైరాలు చదివినవారికి మా ఆట అర్థం కావడానికి అయిదు నిమిషాలు చాలు.

ఇంకో కారణం కూడా ఉంది. మన దేవుళ్ళతో మనకు మొహమాటం. ఇంట్లో దణ్ణం పెట్టుకునే దేవుణ్ణి బల్లమీద కూర్చోబెట్టి "ఇదేం న్యాయం స్వామీ?" అని నిలదీస్తే ఎవరి మనసో నొచ్చుకుంటుంది. కరామెత్రకు మా చుట్టుపక్కల గుడి లేదు. ఆమెను ఏమైనా అడగవచ్చు. ఆ అడగడం ఎంతదాకా పోతుందో నాకు గత వేసవిలో తెలిసింది.

మాది విస్సన్నపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకీ, మేము ఎన్టీఆర్ జిల్లాలోకీ పోయాం గాని, బంగినపల్లికీ రసాలకూ ఆ సరిహద్దు తెలియదు. మా నాలుగెకరాల తోటను గుత్తకు ఇస్తాం. పూతకు తేనెమంచు పురుగు పట్టినా, కాయ మీద గాలివాన కొట్టినా నష్టం గుత్త తీసుకున్నవాడిదే. అది ఒప్పందం. ఆ గుత్తదారు కొడుకు నా చిన్ననాటి స్నేహితుడు. మా ఆటలో కరామెత్ర భక్తుడు.

గత వేసవిలో గాలివానకు కాయ సగానికి పైగా రాలిపోయింది. రాలిన కాయకు రేటేముంటుంది? వారం తర్వాత ఒక సాయంత్రం తోటలో కాపలా పాక ముందు ఆటకు కూర్చున్నాం. కథలో కూడా ఒక పల్లె ఉంది. గాలివాన వచ్చిందా లేదా అని పాచిక వేస్తే 1 పడింది. కావాలని వేసింది కాదు. పల్లె పంట పోయింది. కరామెత్రకు ఏటా చెల్లించే మొక్కు బాకీ పడింది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అడిగాడు: "మన నమ్మకం మీదే ఆ దేవత బతుకుతుందన్నావు గదరా. మరి పంట పోయిన ఏడు కూడా మొక్కు మొత్తం కట్టాల్సిందేనా?"

అందరం ఊరుకున్నాం. అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళ నాన్న మా నాన్నకు గుత్త రెండో వాయిదా ఇంకా కట్టలేదని. కాస్త దూరంలో నులకమంచం మీద మా నాన్న పడుకొని ఉన్నాడు.

దేవత తరఫున జవాబు చెప్పవలసింది నేను. పుస్తకం ప్రకారం అతని భక్తి అంకె తగ్గించవచ్చు. నేను తగ్గించలేదు. ఆ లోకం పద్ధతిలోనే ఆలోచించాను. మొక్కు కోసం పీడిస్తే పల్లె ఖాళీ అవుతుంది. పల్లె ఖాళీ అయితే దేవతా ఉండదు. అందుకని "కరామెత్ర సగం మొక్కే తీసుకుంది" అన్నాను.

మంచం మీంచి నాన్న గొంతు వినిపించింది. "ఆ దేవత ఎవరో గాని లెక్క తెలిసిందేరా అబ్బాయ్."

ఆ నెలాఖరున నాన్న రెండో వాయిదాలో సగమే పుచ్చుకున్నాడు. మా ఆటవల్లే అలా జరిగిందని నేననను. వాళ్ళిద్దరికీ ఇరవై ఏళ్ళ మాట ఉంది. ఆట లేకపోయినా అలాగే చేసేవాడేమో. కాని ఒకటి మాత్రం అనగలను. మా స్నేహితుడు ఆ ప్రశ్నను మా నాన్న ముందు నిలబడి ఏనాటికీ అడగలేడు. నేనూ వాడి తరఫున అడగలేను. ఊరూ పేరూ లేని ఒక దేవతను మధ్యలో నిలబెట్టుకుంటే ఇద్దరం అడగగలిగాం, జవాబు చెప్పగలిగాం. మా పల్లెల్లో భాగోతాలాడిన రోజుల్లో వేషగాళ్ళు చేసిన పనీ ఇటువంటిదే గదా!

గ్రీకు భాషలో థేరోస్ అంటే ఎండాకాలం. మా తోటల్లో ఏడాది బతుకంతా తేలేది కూడా ఆ మూడు నెలల్లోనే. పరీక్షలు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు అన్నీ 20 ముఖాల పాచికలే. పడిన అంకెను ఎవరూ మార్చలేరు. అంకె పడ్డ తర్వాత ఒకరితో ఒకరం ఎలా ఉండాలన్నది మాత్రం పాచిక చేతిలో లేదు.

మన యూనియన్ గదిలో క్యారమ్ బల్ల ఉంది, చదరంగం ఉంది. మాకు వేరే సరంజామా అక్కర్లేదు. సాయంత్రం ఒక బల్లా అయిదు కుర్చీలూ ఇప్పిస్తే చాలు. కథ మేం తెచ్చుకుంటాం.