గడువు దాటిన గాయం

ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు. కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌పై అక్కడి అధ్యాపకురాలు చేసిన లైంగిక వేధింపుల ఫిర్యాదు ఆ లెక్క దగ్గరే వీగిపోయింది. ఆమె పేర్కొన్న చివరి వేధింపు ఘటన 2023 ఏప్రిల్ నాటిది. ఆమె స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసింది డిసెంబరు 26న. చట్టం ఇచ్చే గడువు మూడు నెలలు. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిటీ నమ్మితే మరో మూడు నెలలు. అంతకు మించి ఒక్క రోజు కూడా కుదరదు. కమిటీ ఆ మాటే చెప్పి ఫిర్యాదును తోసిపుచ్చింది. కలకత్తా హైకోర్టు సింగిల్ జడ్జి కాదన్నా డివిజన్ బెంచి ఔనంది. 2025 సెప్టెంబరు 12న సుప్రీం కోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది.

అంటే ఆరోపణలు నిజమా కాదా అన్న విచారణే జరగలేదు. అయినా ఆ తీర్పును వైస్ చాన్సలర్ తన బయోడేటాలో చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది. తప్పు చేసినవారిని క్షమించవచ్చేమోగానీ తప్పును మరచిపోకూడదన్నది న్యాయమూర్తుల భావన. ఒక చేత్తో ఫిర్యాదును మూసేసి, మరో చేత్తో దానికి గుర్తుగా చీటీ అంటించినట్లుంది.

ఆ తీర్పు చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అలాంటి లెక్క నాకూ ఒకటుంది. సుమారు పదేళ్ల కిందట, రాజనీతి శాస్త్రంలో ఎం.ఎ. ముగించి చేరిన తొలి ఉద్యోగంలో, పై అధికారి ఒకరు రాత్రి డ్యూటీ అయ్యాక కారులో దింపుతానని పట్టుబట్టేవారు. భుజం మీద పడిన చెయ్యిని తోసేసిన మర్నాటి నుంచి నా కాపీలు పక్కకు పోవడం మొదలైంది. నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నానా అని తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో చెప్పడానికి ఇంకో రెండు నెలలు. ‘‘ఊరుకాని ఊరు. నోరు చేసుకోకు తల్లీ, ఉద్యోగం మారిపో’’ అంది అమ్మ ఫోన్లో. తోటి ఉద్యోగిని ఒకామె ‘‘నాతోనూ అంతే’’ అని చెప్పి నాకు ధైర్యం చిక్కేసరికి ఏడాది దాటింది. 1997 నాటి విశాఖ తీర్పు గురించి పరీక్షలో పేజీలు నింపినదాన్ని, 2013లో వచ్చిన చట్టంలోని గడువు సంగతి అప్పుడే తెలుసుకున్నాను.

నాలాంటివారు ఎందరో 2024 ఆగస్టు 14 అర్ధరాత్రి చూశాను. ఆర్.జి. కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన అయిదు రోజులకు, మహిళలు నగరమంతటా రోడ్ల మీదికి వచ్చారు. అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ముందు నా పక్కన నిలబడ్డ బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ తన ఆఫీసులో 19 ఏళ్ల కిందట జరిగిన సంగతి చెప్పారు. మొదటిసారి చెబుతున్నానన్నారు. వేలమంది గొంతెత్తిన రాత్రిగానీ ఆమెకు నోరు పెగల్లేదు. మూడు వారాలు తిరక్కుండా పశ్చిమ బెంగాల్ శాసనసభ ఉరిశిక్షకు వీలు కల్పించే ‘అపరాజిత’ బిల్లును ఆమోదించింది. ఆవిడ కష్టానికి ఉరితాడుతో పని లేదు. సకాలంలో విని, విచారించే కమిటీ ఉంటే చాలు.

గడువు అసలే ఉండకూడదని నా వాదన కాదు. ఏళ్లు గడిస్తే సాక్షులు చెదిరిపోతారు, ఆరోపణ ఎదుర్కొంటున్నవారికీ న్యాయం జరగాలి. కానీ లెక్కలో పొంతన ఉండాలిగా. ఇష్టం లేకున్నా తాకడం, లైంగిక కోరిక తీర్చమనడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరాలు. అలాంటి నేరాలను విచారణకు స్వీకరించడానికి కోర్టుకు మూడేళ్ల గడువుంది. సహేతుకమైతే ఆ తర్వాతి ఆలస్యాన్నీ మన్నించవచ్చు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి జంకే మహిళల కోసమే కదా ఆఫీసు కమిటీలు పెట్టింది! మరి అక్కడ ఆరు నెలలేనా?

ఇంటి విషయంలో చట్టం ఇంతకన్నా ఉదారంగా ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె రోజూ క్యానింగ్ లోకల్‌లో బాలీగంజ్ వచ్చి దిగుతుంది. మొన్నామధ్య మోచేతి మీది కమిలిన మచ్చ దాచుకోలేక, ‘‘దిది, ఎనిమిదేళ్లుగా పడ్డాను, ఇప్పుడు చెబితే ఎవరైనా వింటారా?’’ అనడిగింది. వింటారన్నాను. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి ఏడాది గడువేమీ వర్తించదని 2022లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. ఇల్లు మొగుడి పేరనున్నా ఆమెను బయటికి గెంటడానికి వీల్లేదు. అర్జీ పెడితే మామూలుగా మూడు రోజుల్లోపే తొలి వాయిదా వేయాలి. 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. ఆచరణలో వాయిదాలు సాగుతాయని కూడా దాచకుండా చెప్పాను.

ఇంటి గుట్టు లంకకు చేటంటూ పెరిగినవాళ్లం మేమిద్దరం. అది ఏ భాషలో విన్నామన్నదే తేడా. అంత చదువుకున్న నాకు గడువు దాటింది, వేలిముద్ర వేసే ఆమెకు దాటలేదు. అలీపుర్‌లోని జిల్లా రక్షణాధికారి కార్యాలయం చిరునామా కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. రెండు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నిన్న గిన్నెలు తోముతూ, తల తిప్పకుండానే అంది: ‘‘బుధవారం సెలవు కావాలి దిది.’’