పుస్తకంలో ఎక్కని పద్దు

2023లో నాన్న పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు బీరువా సర్దుతుంటే ఒక లెక్కల పుస్తకం దొరికింది. పాత రైల్వే డైరీ. ఒక్కో పేజీలో గీతలు కొట్టి, ఎడమవైపు ఖర్చు, కుడివైపు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారో రాసుకున్నారు. '1997 జూన్: స్కూలు ఫీజు 48,000. యూనిఫారాలు, ట్రంకు పెట్టె, రగ్గులు 6,200. రైలు చార్జీలు 1,140.' అలా 2004 దాకా. చివరి పేజీలో మొత్తం కూడి కింద రెండు గీతలు గీశారు: 5,86,000 రూపాయలు.

అది అన్నయ్య ఏడేళ్ల బోర్డింగ్ స్కూలు చదువు ఖరీదు. 1997లో నాన్న ఏడాది జీతం 70 వేలకి కాస్త అటూ ఇటూ. అంటే ఎనిమిది నెలల జీతం ఒక్క ఫీజుకే పోయేది. కుడివైపు పద్దులు చదువుతుంటే ఆ డబ్బు ఎలా వచ్చిందో తెలిసింది. పి.ఎఫ్. అడ్వాన్సు, రైల్వే సొసైటీ అప్పు, అమ్మ నాలుగు తులాల గొలుసు. అన్నిటికన్నా పైన, మొదటి పద్దు: 'ఎకరన్నర పొలం, 1,20,000.'

ఆ పొలం నాది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట పక్క పల్లెలో మా నాయనమ్మ తన వాటా భూమిని మనవరాలి పసుపు కుంకుమల కిందకి అని నోటి మాటగా ఇచ్చింది. కాగితం లేదు. అందుకే పుస్తకంలో అది ఎవరిదో రాయాల్సిన అవసరం నాన్నకి కనిపించలేదు.

రాయ్‌పూర్‌లో మాలాంటి తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ, 1930ల ఆరంభంలో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక మరింతగా, ఉత్తరాంధ్ర జనం ఇటు వచ్చారు. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, ఆ తర్వాత భిలాయ్. నాన్న వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్. మా కాలనీలో బయట హిందీ, ఇంట్లో తెలుగు, గుళ్లో రెండూ. కాలనీ పిల్లలందరిలాగే మేమూ కేంద్రీయ విద్యాలయంలో నామమాత్రపు ఫీజుతో చదువుకుంటున్నాం. అన్నయ్యకి పదకొండేళ్లు వచ్చేసరికి నాన్న పై ఆఫీసరు కొడుకు ఉత్తరాదిన కొండల మీదున్న ఒక పెద్ద బోర్డింగ్ స్కూలు నుంచి సెలవులకి వచ్చాడు. ఆ అబ్బాయి వర్క్‌షాపులో ఇంజినీర్లతో కళ్లలోకి చూసి ఇంగ్లీషు మాట్లాడాడట. ఇరవై ఏళ్ల సర్వీసులో నాన్న ఏ ఆఫీసరు కళ్లలోకీ అలా చూడలేదు. ఆ రాత్రే నిర్ణయం అయిపోయింది. ఆ స్కూలు పేరు ఇక్కడ అనవసరం.

రాయ్‌పూర్‌లోనే అలాంటి స్కూలు ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద ఉన్న రాజ్‌కుమార్ కాలేజీ 1882లో జబల్‌పూర్‌లో పుట్టి, 1894లో ఇక్కడికి తరలివచ్చింది. పేరుకి కాలేజీ, నిజానికి స్కూలు. 1870లో రాజ్‌కోట్‌లో, 1875లో అజ్మీర్‌లో తెరిచిన రాజకుమారుల బడుల వరసలోదే ఇదీ. ఛత్తీస్‌గఢ్, ఒరిస్సా సంస్థానాల వారసులకి ఇంగ్లీషు, క్రికెట్, గుర్రపు స్వారీ నేర్పి, బ్రిటిష్ ప్రభుత్వానికి పనికొచ్చే పాలకులుగా మలచడం దాని లక్ష్యం. నేను పండిట్ రవిశంకర్ శుక్లా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం ఎంఏ చేసినన్నాళ్లూ ఆ గేటు ముందు నుంచే బస్సులో వెళ్లేదాన్ని. నా ఎంఏ రెండేళ్లకి అయిన మొత్తం ఖర్చు అన్నయ్య ఒక టర్మ్ ఫీజుకి సరిపోదు.

ఆ గేటులోంచి బయటికొచ్చిన ఇద్దరి గురించి చదివినప్పుడు ఇలాంటి చదువు విలువ కట్టడం ఎంత కష్టమో అర్థమైంది. ఒకరు సారంగఢ్ రాజా నరేశ్ చంద్ర సింగ్. 1969 మార్చిలో 13 రోజులు మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆ రాష్ట్రానికి ఇప్పటిదాకా ఆదివాసీ ముఖ్యమంత్రి ఆయనొక్కరే. మరొకరు బస్తర్ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్. 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లో తన రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఒకే బడి. ఒకరిని రాజ్యం కుర్చీలో కూర్చోబెట్టింది, ఇంకొకరిని కాల్చి చంపింది. అక్కడ నేర్పిన ఇంగ్లీషు ఇద్దరికీ వచ్చు.

నాన్నకి మాత్రం ఊళ్లోని స్కూలు వద్దు. 'ఇక్కడుంటే సాయంత్రం మళ్లీ కాలనీ పిల్లల దగ్గరికే వస్తాడు' అన్నారు. ఆయన కొనాలనుకున్నది చదువు కాదు, దూరం.

అన్నయ్య ఆదివారం ఆదివారం ఉత్తరం రాసేవాడు. ఇంగ్లీషులోనే రాయాలన్నది అక్కడి నియమం. అమ్మకి ఇంగ్లీషు రాదు. నాన్న డ్యూటీలో ఉండేవారు. తొమ్మిదేళ్ల నేను, డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలుగులోకి మార్చి చదివి వినిపించేదాన్ని. 'మా హౌస్ హాకీలో గెలిచింది. వాతావరణం చల్లగా ఉంది. నేను బాగున్నాను.' అంతే ఉండేది. అమ్మ ప్రతిసారీ ఒకటే అడిగేది: 'ఏటి తిన్నాడో రాసేడేటే?'

రాయలేదని చెబితే అమ్మ ఆ పూట అన్నం ముట్టేది కాదు. రెండు మూడు వారాలు చూశాను. తర్వాత నేనే కల్పించడం మొదలుపెట్టాను. 'పప్పు పెట్టారట. వంకాయ కూర చేశారట. పెరుగు గడ్డగా ఉందట.' ఏడేళ్లు అలా చదివాను. నా మొదటి రిపోర్టింగ్ అదే. అందులో అబద్ధం పాలు ఎక్కువ.

ఇంతకీ 5,86,000 రూపాయలకి మా ఇంటికి ఏమొచ్చింది? మొదటిది ఇంగ్లీషు. అది ఇప్పుడు బయట చాలా తక్కువకే దొరుకుతోంది. రెండోది క్రమశిక్షణ, ఆటలు, వేళకి చదువు. మూడోది పరిచయాలు. దాని విలువ మాకు 2016లో తెలిసింది. నాన్నకి గుండె ఆపరేషన్ అవసరమైంది. ఒక పెద్ద ఆస్పత్రిలో ఓపీ చీటీ పట్టుకుని నేను నాలుగు గంటలు నిలబడ్డాను. నా ప్రెస్ కార్డు కూడా పనిచేయలేదు. సింగపూర్ నుంచి అన్నయ్య ఒక్క ఫోన్ చేశాడు. హాస్టల్‌లో అతని పక్క మంచం అబ్బాయి అన్నగారు అక్కడ పెద్ద డాక్టరు. ఇరవై నిమిషాల్లో లోపలి నుంచి మనిషి వచ్చి నాన్న పేరు పెట్టి పిలిచాడు.

నాన్న ఆ తర్వాత ఏడేళ్లు బతికారు. కాబట్టి ఆ చదువు వృథా అని నేను అనలేను. కానీ వరసలో మా ముందు మహాసముంద్ నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య ఉన్నారు. మా కోసం తెరుచుకున్న తలుపు వాళ్లని ఇంకాస్త ఆలస్యం చేసింది. పాఠాల్లో 'సామాజిక పెట్టుబడి' అని చదువుకున్నాను. దానికి వడ్డీ కట్టేది ఎవరో ఆరోజు కళ్లారా చూశాను.

ఇక్కడొక విషయం విడదీసి చూడాలి. బోర్డింగ్ చదువులోని అసలు సారానికి లక్షల ఫీజు అక్కర్లేదని మన దగ్గరే రుజువైంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. ఆయనే కేంద్రంలో మానవ వనరుల శాఖ చూస్తున్నప్పుడు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. నిజామాబాద్ జిల్లా తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో నక్సల్ ప్రభావిత జిల్లాల పిల్లల కోసం 2010లో రాయ్‌పూర్‌లో 'ప్రయాస్' పెట్టారు. అక్కడి పిల్లలు ఐఐటీలకి వెళ్తున్నారు. రిపోర్టింగ్‌కి వెళ్లినప్పుడు నేను చూసినవి గుర్రాలూ ఈతకొలనులూ కావు. రాత్రి తొమ్మిదికి వెలిగే లైటు, ఒక బల్ల, అడిగితే చెప్పే మాస్టారు, మూడు పూటలా తిండి. అవి ఉంటే చాలామంది పిల్లలు చదువుతారు.

మరి డూన్ లాంటి చోట ఏడాదికి పది లక్షలు దాటిన ఫీజు దేనికి? ఆ పక్క మంచానికి. పక్క మంచం మీద ఎవరు పడుకుంటారన్నదే అక్కడ అమ్ముడయ్యే సరుకు. పేదింటి పిల్లలకి ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. కానీ అది ఇరుగుపొరుగు బడికి, ఒకటో తరగతి చేరికకి రాసిన చట్టం. బోర్డింగ్ స్కూళ్ల సంగతి స్పష్టం చేయమని కోర్టు కేంద్రానికే చెప్పాల్సి వచ్చింది. నాలుగో తరగతిలోనో ఆరో తరగతిలోనో మొదలయ్యే బడిలో ఒకటో తరగతి కోటా ఎక్కడ వర్తిస్తుంది?

హైదరాబాద్ పబ్లిక్ స్కూలు కథ కూడా గుర్తు చేసుకోవాలి. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది. జాగీర్లు రద్దయ్యాక 1951లో పబ్లిక్ స్కూలుగా మారింది. అక్కడ చదివిన సత్య నాదెళ్ల ఐఏఎస్ అధికారి కొడుకు. జాగీర్దారు వెళ్లి అధికారి వచ్చాడు. తలుపు వెడల్పయింది, నిజమే. ఫిట్టరు కొడుకు దాకా రావాలంటే మాత్రం ఇప్పటికీ ఎవరిదో పొలం అమ్మాలి.

ఈ ఏడాది మా పాపకి పదేళ్లు నిండాయి. మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు. 'నేను చదివిన స్కూలు లాంటిదే ఆడపిల్లలకీ ఉంది. మొత్తం ఖర్చు నాది. నీ పొలం సంగతి నాకు తెలుసు చెల్లీ. ఈ రకంగానైనా తీర్చుకోనీ' అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. నాకు గొంతు పెగల్లేదు.

కాసేపటికి ఉత్తరాల సంగతి చెప్పాను. వంకాయ కూర, గడ్డ పెరుగు అన్నీ నా కల్పనే అని. అవతల చాలాసేపు మాట లేదు. 'ఉత్తరాలు మాస్టారు చదివాకే పోస్టుకి వెళ్లేవి' అన్నాడు చివరికి. 'మొదటి ఏడాది పెద్ద క్లాసు కుర్రాళ్లు నా పళ్లెం లాగేసుకునేవారు. అది రాయలేక తిండి ఊసే మానేశాను. బాగున్నానని నేను రాసిందీ అబద్ధమే.'

నేను ఒక్కటే అడిగాను. 'నీ కొడుక్కీ పదకొండేళ్లు కదా, వాణ్ని పంపుతున్నావా?'

'లేదు' అన్నాడు. 'వాణ్ని వదిలి నేను ఉండలేను.' ఆ వాక్యం అన్నయ్య ఇంగ్లీషులో చెప్పాడు. మనసులో మాట తెలుగులో చెప్పే అలవాటు అతనికి ఏడేళ్లలో పోయింది. ఆ పద్దు కూడా నాన్న పుస్తకంలో లేదు.

పాపని పంపడం లేదు. మావయ్య స్కూలు ఫొటోలు చూసి అది సరదా పడింది, నా మీద రెండు రోజులు అలిగింది కూడా. పెద్దయ్యాక నన్ను నిలదీస్తుందేమో. ఏ తలుపు దగ్గరో నాలుగు గంటలు నిలబడాల్సి వచ్చినప్పుడు మా అమ్మ వల్లే అనుకుంటుందేమో. ఆ భయం నాకుంది. నాన్నకీ సరిగ్గా ఈ భయమే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన మీద నాకున్న కోపం అక్కడ కాస్త తగ్గింది.

పొలం గురించి మాత్రం అన్నయ్యకి స్పష్టంగా చెప్పాను. అది నా బాకీ. మా పాప ఫీజులో కలిపి చెల్లు రాయొద్దు. ఇస్తే నాకే ఇవ్వాలి, ఇవ్వకపోయినా నాదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాడు. ఆ రాత్రి నాన్న పుస్తకం తీసి, మొదటి పద్దు పక్కన 'అమ్మాయిది' అని రాశాను. అమ్మ చూసింది. ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను. ఈసారి ఉన్నది ఉన్నట్టుగా.