మేఘమూ, గబ్బిలమూ

"పిన్నీ, నువ్వు నవలలు రాస్తావుగా, నాకో వ్యాసం రాసిపెట్టకూడదూ?" అంటూ మా అక్క కూతురు నోట్సు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

కాళిదాసు మేఘసందేశాన్నీ, జాషువాగారి గబ్బిలాన్నీ పోల్చి రాయాలిట. రాసిపెట్టనన్నాను. అలిగింది. కాసేపటికి తనే రాసుకొచ్చింది. చూద్దును కదా, రెండున్నర పేజీలు మేఘం, ఒకటిన్నర పేజీ గబ్బిలం, చివర 'ఈ విధముగా రెండును గొప్ప కావ్యములు' అని ఒక్క ముక్క! రెండు సంబంధాల గురించీ ఊదరగొట్టి, ఏది ఎందుకు నచ్చిందో చెప్పకుండా కాఫీ తాగి లేచిపోయిన పెళ్ళిళ్ళ పేరయ్యలా ఉంది.

మా పుట్టింటి పెరడు దాటితే కల్లం. మార్చి ఎండ, మిరపకాయల ఘాటు. ఇద్దరం తుమ్ముకుంటూ వెళ్ళి పాక నీడన కూర్చున్నాం. ఆడవాళ్ళు తాలుకాయ ఏరుతున్నారు.

"చూడవే, వాళ్ళు ఈ కాయనంతా వర్ణించి, తర్వాత ఆ కాయనంతా వర్ణిస్తున్నారా? రంగు చూస్తే రెండింటికీ రంగే చూస్తున్నారు. ఎండు చూస్తే రెండింటికీ ఎండే. నువ్వూ అంతే. కబురు పంపేదెవరు? ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు. మోసేదెవరు, చేరేదెక్కడికి? మళ్ళీ పక్కపక్కనే. పోలికలు త్వరగా తేల్చెయ్, అవి అందరికీ కనిపించేవే. తేడా దగ్గర ఆగు. అదెందుకొచ్చిందో మొదటి పేరాలోనే చెప్పెయ్. చివరిదాకా దాచడానికి ఇదేం నా సీరియల్ కాదు."

జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారనీ, గబ్బిలం 1941లో వచ్చిందనీ కూడా చెప్పాను. (వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది గానీ, మాకింకా గుంటూరే!)

పిల్ల పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించింది. "యక్షుడు శాపం తగిలి భార్యకు దూరమయ్యాడు. ఇక్కడేమో అంటరానివాడన్నారని కాశీ విశ్వనాథుడికి గోడు చెప్పుకుంటున్నాడు..." అని ఆగి, "పిన్నీ! యక్షుడి శాపానికి ఏడాదే గడువు. ఇతనికి గడువే లేదు!" అంది.

నవలలు రాసేదాన్ని, నాకెన్నడూ తట్టలేదీ మాట.

"సరే, గబ్బిలమే ఎందుకుట? హంసనో చిలకనో పంపచ్చుగా?"

నేను నోరు తెరిచేలోగా, కాయలేరుతున్న ఒకామె తల ఎత్తకుండానే అంది: "గుళ్ళోకి పోతుంటే దాన్నెవరాపుతారమ్మా?"

ఆ తర్వాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

1995లో పదో తరగతిలో ఇదే ప్రశ్నకు నేను జవాబు రాశాను. ఉపమలూ ఉత్ప్రేక్షలూ దట్టించి, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో ఈ పాక చూరులోనే కూలివాళ్ళ కోసం విడిగా ఒక సత్తుగ్లాసు దోపి ఉండేది. దాని కిందే కూర్చుని ఆ పద్యాలు బట్టీపట్టాను. తల ఎత్తితే కనిపించేది. ఇప్పుడా గ్లాసు లేదు. ఎప్పుడు తీశారో, ఎవరు తీశారో నేను అడగలేదు.

"అత్తా, నువ్వన్న మాట నా వ్యాసంలో రాసుకోనా?" అంది పిల్ల.

మా ఇంట్లో కూలికొచ్చినామెను వరసపెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు.

ఆమె అప్పుడు తల ఎత్తింది. "రాసుకో తల్లీ. ఎన్ని మార్కులొచ్చినయ్యో మాత్రం వచ్చి చెప్పు," అని మరో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.